తాలు సరుకు

చెంచయ్యకు అరవై రెండేళ్ళు వచ్చేదాకా చేపంటే పులుసు, కాదంటే ఇగురు. అద్దాల పెట్టెలో పోసి చూసుకునే చేపలు కూడా ఉంటాయని తెలుసుగానీ, ఆస్పత్రుల్లో రోగులు విసుక్కోకుండా ఉండటానికి అవి పెడతారనుకునేవాడు. అలాంటి మనిషి ఇంటి ముందుగదిలోకి రెండడుగుల అద్దాల పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. తెచ్చిపెట్టింది కూతురు జ్యోతిర్మయి. తెమ్మని పోరింది మాత్రం భార్య హనుమాయమ్మ.

ఆవిడ పోరడానికి కారణముంది. చెంచయ్య గుంటూరు మిర్చి యార్డులో ముప్పై రెండేళ్ళు కాయలు గ్రేడు చేశాడు. టిక్కీలో, అంటే కాయల బస్తాలో, చెయ్యి పెట్టి పిడికెడు కాయలు పైకి తీస్తే చాలు, అవి కల్లంలో ఎన్నాళ్ళు ఎండాయో, మంచు తగిలిందో లేదో చెప్పేసేవాడు. ఎండుకాయల్లో రంగు పోయి తెల్లబడినవాటిని తాలు అంటారు. తాలు ఎక్కువుంటే సరుకు విలువ పడిపోతుంది కాబట్టి కొందరు మహానుభావులు దాన్ని అడుగున సర్ది పైన ఎర్రటి కాయలు పరిచేవాళ్ళు. ఎంత అడుగున దాచినా చెంచయ్య చెయ్యి తిన్నగా అక్కడికే పోయేది. "చెంచయ్య తాలన్నాడంటే తాలే" అని కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కూడా నోరు మూసుకునేవాళ్ళు. అంత ఘాటు అన్నేళ్ళు పీల్చిన ఊపిరితిత్తులు ఊరుకుంటాయా? దగ్గు పట్టుకుంది. ఇక యార్డు గడప తొక్కొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. చెంచయ్య సత్తెనపల్లిలో ఇంటిపట్టున పడ్డాడు.

యార్డు మానేశాడుగానీ గ్రేడు చెయ్యడం మానలేదు. బండి మీద వచ్చిన బెండకాయలు గ్రేడు చేశాడు. ఎదురింటివాళ్ళు ఆరబెట్టిన వడియాలు గ్రేడు చేశాడు. హనుమాయమ్మ కాచిన పప్పుచారును మూడు పూటలు వరసగా గ్రేడు చేశాక ఆవిడ కూతురికి ఫోను చేసింది.

"మీ నాన్న చూసుకోడానికి ఏదన్నా తెచ్చి పడెయ్యవే తల్లీ. చూడ్డానికేం లేక పొద్దస్తమానం నన్ను చూస్తున్నాడు."

అలా వచ్చింది పెట్టె. అందులోకి చేపలు కొనడానికి చెంచయ్య బస్టాండు వెనక వీధిలో జాన్ బాషా కొట్టుకు వెళ్ళాడు. బాషాకు నలభై పైబడి ఉంటాయి. యార్డులో టిక్కీలు మోసిన పీరు కొడుకు. వాళ్ళ నాన్నకు ఏళ్ళ తరబడి తెలిసిన మనిషని చెంచయ్యకు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

"గప్పీలు తీసుకోండి బాబాయి గారూ. ఇంతకంటే నెమ్మదైన చేప లేదు. మన బోరు నీళ్ళలో ఉప్పుంటుంది కదా, వీటికి అవే పడతాయి. ప్లాటీలతో మోలీలతో కలిపి వేసినా ఎవరి దారి వాళ్ళదే. ఏంజెల్ చేపలూ టైగర్ బార్బులూ మాత్రం వీటితో కలపొద్దు. గప్పీ మగదాని తోక చూస్తే వాటి నోరు ఊరుకోదు, పట్టి పీకుతాయి."

చెంచయ్య ముందుకు వంగి తొట్టిలోకి చూశాడు. వెంటనే చెయ్యి దురద పెట్టింది. అది, ఇది, ఆ నీలం తోకది, ఆ పక్కన నిప్పురంగుది అంటూ ఎనిమిదింటిని ఏరాడు. యార్డులో ఏరినట్టే ఏరాడు, రంగు చూసి.

"అన్నీ మగవే అయ్యాయి బాబాయి గారూ," అన్నాడు బాషా. "ఒక్కో మగదానికి రెండో మూడో ఆడవి ఉండాలి. లేకపోతే ఇవి ఒకదాన్నొకటి తరుముకుంటూ కూర్చుంటాయి. ఆడవి ఇవిగో."

పక్క తొట్టిలో ఉన్న ఆడచేపలు బూడిదరంగులో, పొట్టలేసుకుని, చూడ్డానికి ఏమీ లేకుండా ఉన్నాయి. చెంచయ్య మొహం చిట్లించాడు.

"ఇవా? ఇవి తాలు కదయ్యా."

"రంగు లేనంత మాత్రాన తాలు కాదండీ. చేపల్లో లెక్క వేరు."

"నాకా చెప్తున్నావు? ఎర్రకాయలు చూపించి తెల్లకాయలు అంటగట్టేవాళ్ళను ముప్పై రెండేళ్ళు చూశాను నేను."

బాషా నవ్వాడు. ఎనిమిది మగ గప్పీలనూ నాలుగు ప్లాటీలనూ కవర్లో గాలి పట్టి ముడివేసి ఇచ్చాడు.

వారం తిరక్కుండానే బాషా చెప్పినంతా జరిగింది. ఎనిమిది మగచేపలూ పొద్దున లేచింది మొదలు ఒకదాని వెనక ఒకటి పడి తరుముకోవడమే. తిండికి కూడా ఆగడం లేదు. ఆడవాటిని తెచ్చి వెయ్యాలని చెంచయ్యకు అర్థమైంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళి, బాషా, నువ్వు చెప్పిందే నిజం, ఆ తాలు నాలుగు ఇటివ్వు అనడం? ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. వెళ్ళలేదు.

ఆ మర్నాడే పుల్లమ్మ బకెట్టుతో వీధిలోకి వచ్చింది. దోమల మందు కొట్టే ఉద్యోగం ఆవిడది. బకెట్టులోంచి చిన్న చిన్న చేపలను మగ్గుతో ముంచి కాలవలో పోస్తోంది. చెంచయ్య గుమ్మంలోంచి దిగి బకెట్టులోకి తొంగి చూశాడు. బూడిదరంగు, అదే పొడవు, అదే పొట్ట.

"ఇవేం చేపలమ్మా?"

"గంబూషియా అంటారండీ. దోమ పిల్లల్ని తింటాయి."

"పేరేదైతేనేం, ఇవి గప్పీల్లో ఆడవే కదా?"

"నాకు తెలవదండీ. ఇవి కాలవల్లో వేసేవి."

"ఒక డజను ఇటు పొయ్యి. ఇంట్లో గప్పీలున్నాయి, వాటికి జత కావాలి."

"అద్దాల పెట్టెలో ఎవరన్నా వేస్తారా అండీ ఇయ్యి?" అంటూనే పాపం పోసింది పుల్లమ్మ. నోరు కాస్త పైకి తిరిగి ఉందే, కంటి కింద ఆ నల్లచార ఏమిటి అని చెంచయ్య కన్ను ఒక్క క్షణం ఆగింది. ఆగిన కన్నును ఆయనే అదిలించి పంపేశాడు. బాషా దగ్గరికి వెళ్ళక్కర్లేకుండా పని జరిగిపోయిందన్న సంతోషం అంతటిది. హనుమాయమ్మ చూసి, "ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారు మీరు," అని లోపలికి పోయింది.

నాలుగో రోజుకు నీలం తోకదానికి తోక లేదు. కొసలు పీలికలై, ఆ తర్వాత మొదలంటా పోయి, చేప అడుగున పడి రొప్పుతోంది. ఆరో రోజుకు నిప్పురంగుదీ ఇంకొకటీ అంతే. వారం నాటి పొద్దున చూసేసరికి నీళ్ళ మీద తేలుతున్నాయి. చెంచయ్యకు ఒళ్ళు మండిపోయింది. రోగం సరుకు అంటగట్టాడు! చచ్చినవాటిని వలతో ఒక్క ఊపున ఎత్తి, లెక్క కూడా చూడకుండా కవర్లో వేసుకుని బయలుదేరాడు.

ఆ రోజు సంత. బాషా కొట్టు ముందు జనం మసులుతున్నారు. ఎదుటి టీకొట్టు దగ్గర పది మందిదాకా రైతులు కూర్చుని ఉన్నారు. అందులో సగం మంది యార్డులో చెంచయ్య చేతి కిందుగా సరుకు దాటించినవాళ్ళే. చెంచయ్య ఈడువాడు ఏసోబు కూడా ఉన్నాడు. పత్తి, మిర్చి వేస్తాడు, నోరు పెద్దది.

చెంచయ్య కవరు తీసి బల్ల మీద కొట్టాడు.

"ఏం బాషా! తెలిసినవాడివి కదా అని వస్తే నాకే తాలు సరుకు కడతావా? పీరు కొడుకువై ఉండి ఇదా నువ్వు చేసేది?"

వీధంతా ఇటు తిరిగింది. బాషా కవరు వెలుగుకు పట్టి కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"పెట్టెలో కొత్తగా ఏమన్నా వేశారా బాబాయి గారూ?"

అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది. ఒక్క మాట. కానీ నలుగురూ వింటున్నారు. మిర్చి యార్డును కంటిచూపుతో నడిపిన చెంచయ్య, కాలవలో వేసే చేపల్ని పుల్లమ్మ దగ్గర అడుక్కుని పట్టుకొచ్చాడని వీళ్ళందరికీ తెలియడమా?

"ఏమీ వెయ్యలేదు," అన్నాడు.

బాషా ఆయన మొహంలోకి చూశాడు. కవరు మడిచి బల్ల కింద పెట్టాడు. "సరే బాబాయి గారూ. నావల్లే అయ్యుంటుంది," అని నాలుగు కొత్త మగ గప్పీలను పట్టి, కవరు కట్టి చేతికిచ్చాడు. చెంచయ్య సిగ్గు లేకుండా పుచ్చుకున్నాడు. వెనక నుంచి ఏసోబు గొంతు వినపడింది.

"చెంచయ్యే తాలన్నాడంటే ఇంక తిరుగేముందిరా! ఒరేయ్ తాలు బాషా, నాలుగు తాలు చేపలు నాకూ కట్టరా, పిల్లికి వేస్తాను!"

టీకొట్టంతా గొల్లుమంది. చెంచయ్య మీసం మీద చెయ్యి వేసుకుని ఇంటికి వచ్చాడు.

కొత్త నాలుగింటినీ పెట్టెలోకి వదిలి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. గంట గడిచింది. బూడిదరంగుది ఒకటి మెల్లగా వెనక నుంచి వచ్చింది. కొత్త గప్పీ తోక కొసను నోటితో అందుకుని ఒక్క లాగు లాగింది. ముక్క ఊడింది. ఇంకోటి వచ్చింది. ఇంకో ముక్క. చెంచయ్య లేవలేదు. మిరపకాయ తొడిమను పరీక్షించే భూతద్దం తెప్పించుకుని పెట్టెకు ఆనించి చూశాడు. పైకి తిరిగిన నోరు. కంటి కింద నల్లచార. మొదటి రోజు బకెట్టులో కన్ను ఆగిన చోటే మళ్ళీ ఆగింది.

ఇవి గప్పీలు కావు. ఆ సంగతి పుల్లమ్మ చెప్పనే చెప్పింది. తన కన్నూ చెప్పింది. వినంది తనే. పొరపాటు పడటం వేరు, దానికి మందు ఉంది. ఏమీ వెయ్యలేదు అన్నాడే, ఆ మాటకే మందు లేదు. గదిలో ఎవరూ లేకపోయినా తల ఎత్తబుద్ధి కాలేదు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పాడో!

ఆ సాయంత్రమే గంబూషియాలను ఒక్కటొక్కటిగా పట్టి డబ్బాలో వేశాడు. పన్నెండు ఉండాలి, పదకొండే వచ్చాయి. రాళ్ళ సందున వెతికాడు, కనపడలేదు. ఉన్నవాటిని తీసుకెళ్ళి పుల్లమ్మ బకెట్టులో పోసి, ఆవిడ ఏదో అడగబోతుంటే వినకుండా వచ్చేశాడు.

పెట్టెలో తగువు మూడొంతులు తగ్గింది. గప్పీలకు తోకలు మళ్ళీ కొద్దికొద్దిగా చిగురించాయి. చెంచయ్యకే తిండి సయించడం లేదు. బజారుకు వెళ్ళాలంటే బస్టాండు వెనక వీధి మానేసి చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. దూరం కదా అని హనుమాయమ్మ అంటే, "డాక్టరు నడవమన్నాడు," అన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టు. చేపల తిండి అయిపోవచ్చింది. చిటికెడును రెండు చిటికెలు చేశాడు, అదీ అయిపోయింది. ఊళ్ళో అది దొరికేది బాషా దగ్గరే.

నెల తర్వాత, ఎండ బాగా ఎక్కాక, వీధిలో ఎవరూ ఉండరని చూసుకుని వెళ్ళాడు. కొట్టు పదడుగుల దూరంలో ఉండగా ఆగిపోయాడు. సగం దించిన షట్టరు మీద ఎవరో సుద్దముక్కతో పెద్దగా తాలు అని రాశారు. బాషా కూతురు ఫిజా, పదేళ్ళ పిల్ల, తడిగుడ్డతో తుడుస్తోంది.

"తాలంటే ఏంటి నాన్నా? బళ్ళో కూడా నన్ను అంటున్నారు," అని లోపలికి వినపడేట్టు అడిగింది.

"రంగు తగ్గిన మిరపకాయమ్మా," అన్నాడు బాషా లోపల నుంచి. "కారం మాత్రం ఉంటుందిలే."

ఇంతలో టీకొట్టు నుంచి ఏసోబు కేకేశాడు. "ఒరేయ్ తాలు బాషా, టీ చల్లారిపోతోంది, వస్తావా రావా?"

"ఆఁ, వస్తున్నా," అన్నాడు బాషా.

కోపం లేదు, విసుగు లేదు. సొంత పేరుకు పలికినట్టు పలికాడు. ఎవడో తిట్టి ఉంటే ఇంత ఉండేది కాదు. తను నోరు పారేసుకుని పెట్టిన పేరు, ఆ మనిషి మీద అతికిపోయింది. ఆ పేరు బడికి కూడా వెళ్ళి పిల్లను పట్టుకుంది. చేపల తిండి కొనకుండానే వెనక్కి తిరిగి, గోడవారగా నడిచి ఇల్లు చేరాడు. ఎందుకలా ఉన్నారని హనుమాయమ్మ అడిగితే, మొదటిసారిగా అంతా చెప్పాడు.

ఆవిడ విని, "సంతలో తిట్టారు కదా. సంతలోనే చెప్పండి," అంది.

వచ్చే సంత దాకా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ చెంచయ్య వంద రకాలుగా మాటలు అల్లుకున్నాడు. తీరా వెళ్ళి కొట్టు ముందు నిలబడేసరికి ఒక్కటీ గుర్తు లేదు. టీకొట్టు నిండుగా ఉంది. ఏసోబు చెయ్యి ఊపాడు. ఎంత గొంతుతో తిట్టాడో అంత గొంతుతోనే చెప్పాలని గట్టిగా గాలి పీల్చాడు. పాత దగ్గు తన్నుకొచ్చింది. స్తంభం పట్టుకుని దగ్గీ దగ్గీ కళ్ళు ఎర్రబడ్డాయి. జనం చుట్టూ చేరారు. బాషా పరుగున వచ్చి నీళ్ళు ఇవ్వబోయాడు. చెంచయ్య ఆ చెయ్యి తోసేశాడు.

"ముందు వినండి," అన్నాడు అందరితో. గొంతు పీలగా వచ్చింది, వాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు. "ఆవేళ చచ్చిన చేపలు బాషా తప్పు కాదు. మంచి సరుకే ఇచ్చాడు. ఆడవాటిని కూడా వెయ్యమన్నాడు, తాలని కొట్టిపారేశాను. తర్వాత కాలవలో వేసే గంబూషియాలు పుల్లమ్మ దగ్గర పట్టుకొచ్చి వాటిల్లో కలిపాను. అవే తోకలు పీకి చంపాయి. ఏమన్నా వేశావా అని ఇతను అడిగితే, వెయ్యలేదని అబద్ధం చెప్పాను. మీ అందరి ముందూ. పైగా నాలుగు చేపలు ఉత్తినే పుచ్చుకున్నాను."

ఏసోబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, గప్పీకీ గంబూషియాకీ తేడా తెలియని నువ్వట్రా మా కాయలకు వంకలు పెట్టింది! అసలు తాలు ఇక్కడుంది చూడండ్రా!"

నవ్వులు, ఈలలు. చెంచయ్య తల వంచుకుని అన్నీ పడ్డాడు. పడుతుంటే ఎక్కడో కాస్త ప్రాణానికి తెరిపిగా కూడా ఉంది. జనం పలచబడ్డాక బాషా ఆయన్ను లోపల కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఎందుకు బాబాయి గారూ ఇదంతా. నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీ కవర్లో నాలుగు చేపలున్నాయి. మూడు నావి. ఒకటి గంబూషియా."

పన్నెండుకు తగ్గిన ఒకటి. రాళ్ళ సందున తను వెతికిన ఒకటి.

"మరి... మరి ఆ కవరు పైకెత్తి చూపిస్తే అయిపోయేదిగా?"

"మీరు వెయ్యలేదన్నారు కదా. అక్కడున్నవాళ్ళంతా మీ కన్ను మీద నమ్మకంతో పంట అమ్ముకున్నవాళ్ళు. మా నాన్న కూడా చెంచయ్య కన్ను తప్పదురా అని చచ్చేదాకా చెప్పాడు. చూపించడానికి నాకు చెయ్యి రాలేదు." బాషా పక్క తొట్టిలోకి వల దించాడు. "ఉండండి, ఆడవి కొన్ని కడతాను. ఈసారి వద్దనకండి."

చెంచయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. జనం నవ్వినప్పుడు రాని నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. తన పరువు నిలబెట్టడానికి ఈ మనిషి నెలకు పైగా ఆ పేరు మోశాడు, కూతురితో సహా. తనేమో ఆ వీధి కూడా తొక్కకుండా తిరిగాడు.

బయట టీకొట్టు దగ్గర నుంచి ఏసోబు మళ్ళీ కేకేశాడు.

"ఒరేయ్ తాలూ! టీ చెప్పాను, రా!"

బాషా వల పక్కన పెట్టి, "ఆఁ, వస్తున్నా," అంటూ గుమ్మం వైపు తిరిగాడు.

చెంచయ్య గబుక్కున లేచి అతని భుజం పట్టుకుని ఆపాడు.

"నిన్ను కాదు బాషా," అన్నాడు. "నన్ను పిలిచాడు."